బురదలో పోయిన ఎడమ చెప్పు

సెలూన్ బాబాయి అనే వీధంతా ఆయన్ని పిలుస్తుంది. ఆయనకి ఓ పాటల బ్యాండంటే ప్రాణం. కత్తెర చప్పుడుతోనే వాళ్ల పాటలకు తాళం వేస్తాడు. ఏటా ఓ శని, ఆదివారాలు ఊరవతల మైదానంలో వాళ్లు చేసే పాటల పండగ గురించి ఆయన చెబుతుంటే, బెంచీ మీది అభిమానులు తమ వంతు వచ్చినా లేవరు.

చిక్కల్లా ఒక్కటే. ఆయన ఒక్కసారి కూడా వెళ్లలేదు. సెలూన్‌కి బేరాలన్నీ శని, ఆదివారాల్లోనే; మిగతా వారమంతా ఈగలు తోలుకోవడమే. అందుకే కుర్చీలో కూర్చున్నవాళ్లు చెప్పినవన్నీ చెవిన వేసుకుని, తానే చూసొచ్చినట్టు చెప్పేవాడు. "ఏదో ఒకరోజు దొరికిపోతావు చూడు," అనేది భార్య. ఆయన నవ్వేసేవాడు. కానీ నలుగురిలో ఆ పరువు పోతే మళ్లీ ఆ కుర్చీ వెనక నిలబడలేనని లోలోపల భయమే.

ఓ బుధవారం గుబురు గడ్డంతో వచ్చిన ఒక పెద్దమనిషి మొహం నిండా నురగతో కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. "బాబాయ్, ఆ చెప్పు కథ ఇంకోసారి!" అని బెంచీ మీంచి కేక.

"ఏం చెప్పమంటావురా! వాన దంచేస్తోంది. మూడో పాటకి ఎగిరానా, ఎడమ చెప్పు బురదలో కూరుకుపోయింది. ఆఖరి పాట దాకా ఒంటి చెప్పుతోనే గంతులేశా!"

అందరూ గొల్లున నవ్వారు. బాబాయి హుషారుగా కత్తి లాగి గడ్డం గీసేసరికి చెవి కింద పుట్టుమచ్చ కనిపించింది. ఎనిమిదేళ్ల కిందట బదిలీ మీద వెళ్లిపోయిన లెక్కల మాస్టారు! ఆ చెప్పు కథ ఆయనదే. కత్తి తన చేతిలోనే ఉంది గానీ, తెగేది తన మెడే అనిపించింది.

మాస్టారు అద్దంలోంచి ఆయన్నే చూస్తున్నారు. "ఒకటి మర్చిపోయావు," అన్నారు తాపీగా. "ఆఖర్న ఆ రెండో చెప్పు జనం మీదకి విసిరావు. అది నా నెత్తి మీదే పడింది."

బెంచీ నవ్వులతో అదిరిపోయింది. బాబాయి మాస్టారిని వీధి చివరిదాకా సాగనంపుతూ చేతులు పట్టుకున్నాడు. "కాపాడారు మాస్టారూ. మీ కథ ఎత్తుకున్నాను."

"నాది కాదయ్యా, మా బావమరిదిది. నేనెప్పుడు వెళ్లాను? శని, ఆదివారాలు నాకు ట్యూషన్లు!"

ఇద్దరూ నడివీధిలో కడుపుబ్బా నవ్వారు. నవ్వు ఆగాక బాబాయికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ పాటలు ఎదురుగా నిలబడి వినాలని ఇన్నేళ్లూ ఎంత ఆశపడ్డాడో!

ఆ ఏడు పండగకి సెలూన్ రెండు రోజులు మూతపడింది. ఇద్దరూ కలిసి వెళ్లారు.

సోమవారం బెంచీ కిటకిటలాడింది. "ఈసారి ఏమైంది బాబాయ్?"

"వాన లేదు, బురద లేదు. నిలబడి పాటలన్నీ విని, కళ్లు తుడుచుకుని ఇంటికొచ్చాను," అన్నాడు బాబాయి.

ఆ పండగ గురించి ఆయన చెప్పిన మొదటి నిజం అదే. బెంచీ మీద ఒక్కరూ నమ్మలేదు.