డబ్బాలో లేని చీటీ

సహోదరులారా, మా కార్వాన్ గల్లీలోని పిల్లల డాక్టరమ్మ మొన్న బుధవారం కన్నుమూశారు. కబురు తెచ్చింది ఆరో తరగతి చదివే నా బిడ్డ. చెప్పి ఏడ్చింది. నాకు ఏడవడానికి కూడా ముఖం చెల్లలేదు.

ఆ బిడ్డ పుట్టినప్పుడు ఏ డాక్టరుకు చూపించాలన్న మాట వచ్చింది. ఎంచాల్సింది మనం కాదు, చీట్లు వేస్తే దేవుడే ఎంచుతాడని వాక్యం తెరిచి వాదించాను. నా భార్య నాలుగు పేర్లు రాసి స్టీలు డబ్బాలో వేసింది. ఆమె అటు తిరగగానే ఒక చీటీ తీసి నా బైబిలు గ్రంథంలో దాచాను. అది డాక్టరమ్మది. ఆమె నమాజు చేసే మనిషి. నా బిడ్డ మీద పడే చెయ్యి విశ్వాసిదే కావాలనుకున్నాను. మిగిలిన మూడింట్లో మా సంఘపు డాక్టరు పేరు వచ్చింది. "చూసినవా, దేవుడు మాట్లాడిండు" అన్నాను.

ఆ ఆదివారం మందిరంలో అదే సాక్ష్యం గొంతు చించుకుని చెబుతున్నాను. మా డాక్టరు ముందు వరుసలో కూర్చుని ఆమెన్ అంటున్నాడు, ఆయన క్లినిక్‌కు తాళం. ఇంట్లో ఐదు రోజుల పసిగుడ్డు పాలు తాగడం లేదు, కళ్లు తెరవడం లేదు. నా భార్య బిడ్డను ఎత్తుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది.

నేను చేరేసరికి ఆమె స్టెతస్కోపు బిళ్లను అరచేతిలో రుద్ది వెచ్చబెడుతున్నారు. ఏ బిడ్డకూ చల్లటి ఇనుము ఆనించేవారు కాదు. ముందు తల్లిని అడిగేవారు, "నువ్వు తిన్నవా బేటా?" అని.

"కామెర్లు మస్తు ముదిరినయ్ పాస్టర్ సాబ్. గింత గొంతుంది, కండ్లు లేవా నీకు?"

తానే మాతో ఆటో ఎక్కి పెద్ద దవాఖానాకు వచ్చారు. మూడు రోజులు నీలం లైటు కింద ఉంచితే బిడ్డ దక్కింది. దవాఖానా మెట్ల మీద నవ్వుతూ అడిగారు.

"చీటీల నా పేరు రాలేదంట గద?"

"రాలేదమ్మా."

"ఫికర్ లేదు. పాప వాపస్ వచ్చింది గద."

వాక్యంలోని, దారిలో పడినవాణ్ణి ఎత్తుకున్న పరాయివాని కథ ఆ తర్వాత ఎన్ని కూటాల్లో చెప్పానో. ఆమెకు గానీ, నా భార్యకు గానీ నిజం చెప్పలేదు. బుధవారం జనాజా వెనుక అందరికంటే చివర నడిచాను.

ఇంటికొచ్చి ఆ పాత గ్రంథం తెరిస్తే, అప్పుడు దాచిన చీటీ జారిపడింది. బిడ్డ తీసి మడత విప్పింది.

"బాపూ, గిది డాక్టరమ్మ పేరు. దీంట్లెందుకున్నది?"

నలిగిన ఆ కాగితాన్ని బిడ్డ అరచేతిలో పెట్టుకుని, మెల్లగా, వెచ్చబడేదాకా రుద్దుతోంది.