పలక మీద పద్నాలుగు

మా అక్కకు లెక్కలు రావని మా వీధిలో ఒక మాట ఉంది. ఇరవై రెండేళ్లుగా ఉంది. కిరాణా కొట్టాయన చిల్లర ఇస్తూ "సరిగ్గా చూసుకోమ్మా, మళ్లీ పద్నాలుగు అంటావేమో" అని నవ్వుతాడు. అక్క కూడా నవ్వుతుంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అయినా ఆయన్ని పల్లెత్తు మాట అనలేను. ఎందుకు అనలేనో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాది వెల్డింగు పని, రాత పని కాదు. ఎక్కడైనా వంకర పోతే సర్దుకోండి.

అక్కది లారీల కాటా దగ్గర గుమస్తా ఉద్యోగం. లారీ వచ్చి కాటా ఎక్కుతుంది, అక్క గాజు కిటికీ వెనక కూర్చుని బరువు చూసి చీటీ రాస్తుంది. మిషను అంకె చూపించకముందే "పదహారు టన్నుల చిల్లర" అనేస్తుంది. కాదని పందెం కాసిన డ్రైవర్లందరూ టీలు పోయించి వెళ్లినవాళ్లే. బరువొక్కటే అయితే అలవాటు అనుకోవచ్చు. బండి నిలబడ్డ తీరు చూసి ఎక్కడ ఏం విరిగిందో కూడా చెబుతుంది. "నడుం పట్టేసిన మనిషిలా నిలబడింది బాబూ నీ బండి. ముందు దాన్ని చూపించుకో, బరువు తర్వాత చూద్దాం" అంటుంది. ఇలాంటి మనిషికి లెక్కలు రావట!

బావకు బ్రేకులు బాగుచేసే షెడ్డు ఉండేది. షెడ్డులో వెనక మూల నా వెల్డింగు మిషను. పక్క వాటాలో ఇంజిన్లు విప్పే మెకానిక్కు. ఇంజిను మీద చెయ్యి పెట్టి రోగం చెప్పేవాడు కాబట్టి అతన్ని అందరం డాక్టరు అనేవాళ్లం. బావకు చిన్నప్పటినుంచీ కారు పందేల పిచ్చి. ఒకరోజు ముందు భాగమంతా నుజ్జయిన కారు ఒకటి తుక్కుకింద వచ్చింది. బావ దాని చుట్టూ మూడుసార్లు తిరిగి "దీన్ని అమ్మేది లేదు, పరిగెత్తిద్దాం" అన్నాడు. డాక్టరు ఇంజిను చూశాడు, నేను గొట్టాలు కోసి చట్రం అతికించాను, అక్క సెలవు రోజున వచ్చి రంగు వేసింది. నలుగురమే. జట్టు పేరు రాయమని పందేలవాళ్లు కాగితం ఇస్తే బావ 'మా షెడ్డు' అని రాసిచ్చాడు. అది పేరెలా అవుతుందని వాళ్లు, ఎందుకు కాదని బావ. చివరికి మైకులో కూడా "ఇప్పుడు మా షెడ్డు కారు" అంటూ అరిచారు. జనం పగలబడి నవ్వారు.

మొదటి ఏడాది నవ్వులే మిగిలాయి. చివరి నుంచి మొదటి స్థానం మాదే. రెండో ఏడాది రెండు రేసులు గెలిచాం. ఒకదాంట్లో ఇంజిను నుంచి పొగ వస్తుంటే లోపలికి రమ్మని సైగ చేశాం. బావ రాలేదు. పొగలోనే గెలిచాడు. ఆ రోజునుంచి కళ్లు నెత్తికెక్కాయి. "నన్ను లోపలికి రమ్మని మాత్రం పిలవకండి, పిలిచినా రాను" అన్నాడు.

మా దగ్గర వైర్లెస్సు లేదు. కొనే స్తోమతా లేదు. ఎదుటి జట్టు టైర్ల కంపెనీది. పది మంది, పదిమందికీ ఇస్త్రీ చేసిన నీలం చొక్కాలు, చెవుల్లో వైర్లు, కూర్చోడానికి మడత కుర్చీలు. మాకున్నది అక్క. ట్రాక్ పక్కన నడుమెత్తు గోడ ఉండేది. దాని వెనక అక్క ఒక చేత్తో స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడేది. ముందు నల్లటి రేకు పలక, దానికి కొక్కేలు, కొక్కేలకు తగిలించడానికి తెల్ల అంకెల రేకులు. అవి నేను కోసిచ్చినవే. బావ ప్రతి చుట్టుకూ ఒకసారి ఆ గోడ ముందు నుంచి దూసుకుపోతాడు. ఎన్ని చుట్లు మిగిలాయో పైన, వెనకవాడు ఎన్ని సెకన్ల దూరంలో ఉన్నాడో కింద. దూరం ఎక్కువుంటే టైర్లు కాపాడుకుంటూ నిదానిస్తాడు, తక్కువైతే ప్రాణం పెట్టి తొక్కుతాడు. కారుకు అద్దం ఉండాలన్నది నిబంధన కాబట్టి ఉండేది. దాన్ని బావ ఆకాశం వైపు తిప్పి పెట్టుకునేవాడు. "వెనక ఎవడున్నాడో చూడటం మీ అక్క పని. నా పని ముందు చూడటం" అనేవాడు. మూడేళ్లలో ఒక్కసారి కూడా అక్క అంకెను అతను అనుమానించలేదు.

మూడో ఏడాది మమ్మల్ని చూసి ఎవరూ నవ్వలేదు. ఆఖరి రేసు నాటికి బావా, నీలం చొక్కాల డ్రైవరూ సమానం. గెలిచినవాడిదే ఆ ఏడాది కప్పు. గెలిస్తే వచ్చే ఏటినుంచి మా ఖర్చు తను చూసుకుంటానని ఒక విడిభాగాల వ్యాపారి అందరి ముందూ మాటిచ్చాడు. ఆ రేసు ముందురోజు బావకు కుడి వెనక చక్రం కొంచెం బయటికి కావాలనిపించింది. చక్రాన్ని పట్టి ఉంచే కమ్మీని చట్రానికి ఇంకో చోట అతకమన్నాడు. అతికాను. ఎలా అతికానో తర్వాత చెబుతాను.

ఇరవై చుట్ల రేసు. పద్నాలుగు అయ్యేసరికి బావ ముందున్నాడు. వెనకే నీలం చొక్కా. నేను పనిముట్ల దగ్గర ఉన్నాను, అక్కకు పాతిక అడుగుల దూరంలో. పలక నాకు కనబడదు. బావ ఉన్నట్టుండి నిదానించాడు. మలుపుల్లో కారు ఊగడం మానేసి పద్ధతిగా వెళ్తోంది. "దూరం బాగా పెరిగినట్టుంది" అన్నాడు డాక్టరు. అంతా సుఖంగా ఉందనుకున్నాం. పందొమ్మిదో చుట్టులో నీలం చొక్కా బావను దాటేశాడు. బావకు ఏం జరిగిందో అర్థమయ్యేలోపు రేసు అయిపోయింది.

కారు దిగీ దిగగానే బావ గోడ దగ్గరికి వచ్చాడు. "చుట్టు చుట్టుకూ పద్నాలుగు సెకన్లన్నావు కదే! వాడు నా వెనకే ఉన్నాడు!"

అక్క ఒకసారి కారు వైపు చూసింది. ఒకసారి నా వైపు చూసింది. "లెక్క తప్పానండీ" అంది.

అంతే. బావ ఇంతెత్తున లేస్తాడనుకున్నాం. లేవలేదు. హెల్మెట్ కింద పెట్టి వెళ్లి నీడలో కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం షెడ్డులో కారు విప్పింది నేనే, ప్రతిసారిలాగే. కుడి వెనక కమ్మీ మీద చెయ్యి వేస్తే కదిలింది. నా అతుకు ముప్పావు వంతు విడిపోయి ఉంది. గొట్టం మీది రంగు గీకి, మెరిసే ఇనుము కనబడ్డాకే అతకాలి. ఈ పనిలో అడుగుపెట్టిన మొదటి రోజు నేర్చుకునే సంగతది. గీకడానికి పది నిమిషాలు. ముందురోజు నాకు ఆకలేస్తోంది, అవతల అందరూ తింటున్నారు, రంగు మీదే అతికేశాను. బావ ఆఖరి ఆరు చుట్లూ ప్రాణం పెట్టి తొక్కి ఉంటే చక్రం ఊడి కారు ఎక్కడ తేలేదో! అక్క లెక్క తప్పడం మా అదృష్టం అనుకున్నాను.

డాక్టరు బయట చేతులు కడుక్కుంటున్నాడు. పిలిస్తే వచ్చేవాడు. నేను పిలవలేదు. పాత అతుకు అరగదీసి, ఈసారి శుభ్రంగా గీకి, మళ్లీ అతికి రంగు పూశాను. ఇది చూశావా బావా, అక్క పొరపాటే నిన్ను బతికించింది అని ఒక్క మాట అని ఉంటే ఆవిడ మీద పడ్డ నింద సగమైనా తగ్గేది. నోరు మెదపలేదు. నా అంత పిరికిపంద ఇంకొకడుండడు.

విడిభాగాల వ్యాపారి మళ్లీ కనబడలేదు. డాక్టరు మూడు నెలలకు నీలం చొక్కా వేసుకున్నాడు. అతన్ని తప్పుపట్టను, ఇల్లు గడవాలి కదా. పలక దగ్గరికి అక్క మళ్లీ రాలేదు, రమ్మని బావ అడగలేదు. బావ చిన్నాన్న కొడుకును నిలబెట్టాం. నాలుగో ఏడాది మొదటి రేసు ముందు బావ అద్దాన్ని తనవైపు తిప్పుకున్నాడు. అప్పుడే అనిపించింది నాకు, ఇక అయిపోయిందని. ముందు చూసే మనిషి రోజంతా వెనక్కే చూస్తూ నడిపాడు. ఒక రేసులో ఏడో స్థానం, ఇంకోదాంట్లో గోడకు గుద్దుకోవడం, మూడోదాంట్లో ఇంజిను పేలిపోవడం. కారును తుక్కుకింద కొన్నాం, తుక్కుకిందే అమ్మేశాం. షెడ్డు ఇంకెవరో తీసుకున్నారు. బావ కారు నేర్పే బడి పెట్టుకున్నాడు.

ఇంట్లో ఇంకోటి మొదలైంది. అక్క ఏ అంకె చెప్పినా బావ మళ్లీ లెక్కపెట్టేవాడు. కోప్పడుతూ కాదు, మెత్తగానే. ఫోను నంబరు చెబితే "ఏదీ, మళ్లీ చెప్పు." చాకలికి వేసిన బట్టలు తొమ్మిదంటే తొమ్మిదీ వేలుపెట్టి ఎంచేవాడు. అక్క పక్కనే నిలబడి చూసేది. నేను కూడా చూసేవాణ్ణి, తినేసి లేచిపోయేవాణ్ణి.

పోయిన నెల కాటా దగ్గర ఒక గేటు అతకాలంటే వెళ్లాను. అక్క రిటైరవడానికి ఇంకో ఏడాదే ఉంది. ఇసుక లారీ ఒకటి వస్తోంది. అక్క కిటికీ తీసి చెయ్యి బయటపెట్టి అరిచింది. "ఆగాగు! కాటా ఎక్కొద్దు! ఎడమ వెనక చక్రం లోపలికి వాలింది, చూసుకో!"

డ్రైవరు విసుక్కుంటూ దిగి కిందికి దూరాడు. పైకి లేచేసరికి ముఖం పాలిపోయింది. చక్రాన్ని పట్టి ఉంచే చోట అతుకు విడిపోయి ఉంది. వాడు అక్కకు దణ్ణం పెట్టేశాడు. నా చేతిలో వెల్డింగు కర్ర అలాగే ఉండిపోయింది. ముప్పై గజాల దూరం నుంచి కదిలే లారీ చక్రం వాలడం చూసిన మనిషి, గోడ ముందు నుంచి పద్నాలుగుసార్లు వెళ్లిన కారును చూడలేదా?

లోపలికి వెళ్లి అడిగాను. "అక్కా, ఆ రోజు నువ్వు లెక్క తప్పలేదు కదూ."

అక్క చీటీ రాయడం ఆపలేదు. "ఇప్పుడా తెలిసింది నీకు?"

"మరి లోపలికి రమ్మని పెట్టొచ్చుగా!"

"పెడితే వచ్చేవారా? పొగ వస్తుంటేనే రాలేదు మహానుభావుడు. అంకె అయితే వింటారు. అందుకే అంకె పెట్టాను."

"చక్రం వాలిందని బావకు చెప్పొచ్చుగా. లెక్క తప్పానని ఎందుకన్నావ్?"

"అతుకు నీది కదరా. అంతమంది ముందు ఎలా చెప్పను? నీ చేతిలో ఉన్నదల్లా ఆ పనొక్కటే. సాయంత్రం నువ్వే కారు విప్పుతావు, నువ్వే చూస్తావు, నువ్వే చెబుతావనుకున్నా." చీటీ చింపి పక్కన పెట్టింది. "రెండు రోజులు చూశాను. తర్వాత చూడటం మానేశాను."

నాకు ఏడుపొచ్చింది. యాభై దాటిన వాణ్ణి, కాటా గదిలో చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అక్క మంచినీళ్లిచ్చింది. "ఇప్పుడెందుకురా ఇదంతా, ఊరుకో" అంది. ఊరుకోవడమేగా నేను ఇరవై రెండేళ్లుగా చేసింది.

అటునుంచి అటే బావ బడికి వెళ్లాను. కారు తుడుచుకుంటున్నాడు. రంగు గీకకపోవడం నుంచి మళ్లీ రంగు పూయడం దాకా మొత్తం చెప్పాను.

"ఏ వైపు?" అన్నాడు.

"కుడి వెనక."

"ఆ మలుపులో కారు తోక ఊపింది. టైరు అరిగిందనుకున్నా." గుడ్డ కారు మీద పడేశాడు. తర్వాత "ఇంటికి పద" అన్నాడు.

మేం వెళ్లేసరికి అక్క అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతోంది. బావ గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "ఆ రోజు అసలెంత?"

ఏ రోజని అక్క అడగలేదు. "మూడు సెకన్లు. ఒక పిసరు తక్కువే."

"అంటే గెలిచేవాణ్ణి."

"ఏమో. ఇంటికొచ్చేవారు మాత్రం కాదు."

బావ గుమ్మం మీదే చతికిలబడ్డాడు. "ఇన్నేళ్లూ నువ్వు చెప్పిన ప్రతిదీ నీ వెనకాలే మళ్లీ లెక్కపెట్టాను కదే" అన్నాడు.

"పెట్టారు," అంది అక్క. "ఒక్కసారైనా తేడా వచ్చిందా?"

బావ తల అడ్డంగా ఊపాడు. నా వైపు చూడకుండానే నాతో అన్నాడు, "నాకు చెప్పావు, సరే. వీధికి కూడా నువ్వే చెప్పాలి. అందాకా నాతో మాట్లాడకు."

డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను. మొత్తం విని పెట్టేశాడు. కిరాణా కొట్టాయనకు ఇంకా చెప్పలేదు. రేపు ఈ కాగితాలు పట్టుకెళ్లి జనం ఉన్నప్పుడే చదివి వినిపిస్తాను. పలక మీద పద్నాలుగు మా అక్క తెలిసే పెట్టింది. అతుకు నాది.