జీవరత్నం ప్రశ్నలపై విచారణ

గవర్నర్‌పేటలోని మా చర్చిలో ప్రసంగం ఆసాంతం మెలకువగా వినేవాడు జీవరత్నం ఒక్కడే. ఆ సంగతి నాకెలా తెలుసని అడగవచ్చు. నాకూ మధ్యమధ్య మెలకువ వచ్చేది. అతను రైల్వే పార్శిల్ ఆఫీసులో గుమాస్తా. పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో ప్రసంగాలు రాసుకునేవాడు. క్రిస్మస్ ముందు జరిగే బైబిలు క్విజ్‌కు ప్రశ్నలన్నీ వాటి నుంచే కూర్చేవాడు. ఆఫీసులో అతని మాట కూలీలు సైతం లెక్కచేసేవారు కాదు. ఏడాదికి ఆ ఒక్క సాయంత్రం మాత్రం సంఘమంతా అతని నోటివంక చూసేది.

1975లో ఆ సాయంత్రానికే ముప్పు వచ్చింది. నాలుగేళ్లు వరసగా క్విజ్ బహుమతి స్టీలు క్యారియరు గెలిచిన స్త్రీల సమాజం అధ్యక్షురాలు సువార్తమ్మ గారు ఈసారి ఇరవై ప్రశ్నల్లో మూడింటికే జవాబు చెప్పగలిగారు. నాలుగు చెప్పిన యువజనుల జట్టు, తానెలా గెలిచిందో తనకే అర్థంకాక, క్యారియరు పట్టుకుపోయింది. ప్రశ్నలు ఏటికేడు కఠినమవుతున్నాయనీ, జీవరత్నాన్ని ఆ పని నుంచి తప్పించాలనీ ఆవిడ కమిటీకి అర్జీ పెట్టారు. పరీక్ష పేపర్లతో ముప్పై ఏళ్లు వేగిన హెడ్మాస్టరునని విచారణ నాకు అప్పగించారు.

పదకొండేళ్ల పేపర్లూ చదివాను. మొదటి పదేళ్లూ దాదాపు అవే ప్రశ్నలు. తప్పు జీవరత్నానిది కాదు. రిటైరైన పాస్టరు గారి దగ్గర ఉన్నవి పద్నాలుగు ప్రసంగాలే. ఏళ్ల తరబడి అవే తిరిగి తిరిగి వస్తే నిద్రలో విన్నవారికీ కంఠస్థమవుతాయి. జనవరిలో వచ్చిన సొలొమోను పాస్టరు గారు ప్రతి ఆదివారం కొత్త ప్రసంగం, అదీ గంటకు తక్కువ కాకుండా, చేశారు.

ఈ మాటే కమిటీకి నివేదించాను.

"అంటే మేం నిద్రపోతున్నామంటారా, మాస్టారూ?" అన్నారు సువార్తమ్మ గారు.

"మీరే కాదమ్మా, మనందరం."

శ్రద్ధగా విన్నవారికి ఇవేమంత కష్టం కాదని పాస్టరు గారు గంభీరంగా సెలవిచ్చారు. సాక్ష్యం లేని మాట ఎవరిదైనా నేను ఒప్పుకోను. పోటీలో అడగకుండా మిగిలిన ఒక ప్రశ్న చదివాను: యోబు స్నేహితుల్లో మొదట మాట్లాడినవాడెవరు?

పాస్టరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "బిల్దదు."

"ఎలీఫజండీ," అన్నాడు జీవరత్నం, నేలచూపులు చూస్తూ. "ఆగస్టు మూడో ఆదివారం తమరే చెప్పారు."

సువార్తమ్మ గారు అక్కడికక్కడే అర్జీ వెనక్కి తీసుకున్నారు. చెప్పిన మనిషికే గుర్తులేనప్పుడు మూడు గుర్తుంచుకున్న తాను చాలా నయమన్నారు. జీవరత్నం పని జీవరత్నానికే ఉండిపోయింది. ఆపైన ఆవిడే, ప్రసంగం అరగంట మించరాదని మరో అర్జీ రాసి సంఘమంతా తిప్పారు. జీవరత్నం తప్ప అందరూ సంతకం చేశారు.