అద్దం పీట

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనక గల్లీలో చిన్న నర్సింగ్‌హోం ఒకటుంది. అందులో ఎల్లేశం ఇరవై రెండేళ్లుగా పుండ్లకు కట్లు కడుతున్నాడు. సర్టిఫికెట్ లేదు. మొదట గదులు ఊడ్చేవాడు. పాత కాంపౌండర్ చేతులు చూసి చూసి నేర్చుకున్నాడు.

షుగరున్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కాబట్టి, వాళ్లు వచ్చినప్పుడల్లా పాదాలు చూడాలని డాక్టర్ల మార్గదర్శకం. అశోక్‌నగర్‌లో జిరాక్సు తీయించి గోడకు అంటించి నాలుగేళ్లయింది. చదివినవాళ్లే కానీ పాదాలు చూసినవాళ్లు లేరు.

పోయినేడు నర్సింగ్‌హోం వాళ్లు పిలిపిస్తే ఫణికిరణ్ వచ్చాడు. మనుషులు తెలిసిన పని కూడా ఎందుకు చెయ్యరో, ఎలా చేయించాలో చదువుకున్నవాడు. "మూడుండాలన్నా. చెయ్యడం రావాలి, చేసే వీలుండాలి, చెయ్యబుద్ధి కావాలి. ఇక్కడ ఏది తక్కువ?" అని ఎల్లేశాన్నీ అడిగాడు.

"జర కూసొని చూడు సారూ, నీకే తెలుస్తది."

ఆ పొద్దు హనుమమ్మ వచ్చింది. పాలమూరు నుంచి వచ్చి, అడిక్‌మెట్ బస్తీలో ఉంటూ స్లాబు పనులకు పోయే షుగరు మనిషి. డాక్టరు వంగబోతే కాళ్లు వెనక్కి లాక్కుంది.

"అయ్యో సారూ, నా కాళ్లు మీరు ముట్టుడేంది! నాకు పాపం తగుల్తది."

డాక్టరుకూ అదే కావలసింది. మందులు రాసేశాడు.

"ముట్టకుండా చూసే వీలుండాలి" అన్నాడు ఫణికిరణ్.

ఎల్లేశం నారాయణగూడలో వడ్రంగి పక్కన కూర్చుని పీట చేయించాడు. కాళ్లు ఆనించడానికి ఒక పట్టె, కింద ఏటవాలుగా అద్దం. మొదటిసారి మడమ కనబడలేదు. విప్పించి, పిక్కలు ఆనేలా పట్టె వెనక్కి జరిపించాడు. ఇప్పుడు డాక్టరుకు కుర్చీలోంచే అరికాలంతా కనిపించింది. హనుమమ్మ కూడా తొంగి చూసుకుంది.

"ఓయమ్మ, గిన్ని పగుళ్లా! మా మేస్త్రి గోడ నయం."

మూడు నెలలు అందరి పాదాలూ చూశారు. తర్వాత ఫణికిరణ్ పని ముగిసి వెళ్లిపోయాడు. మేనేజరు సరిత కంప్యూటర్లో ఒక ప్రశ్న పెట్టించింది: రెండు పాదాలూ చూశారా? 'అవును' నొక్కితేనే మందుల చీటీ వస్తుంది. పీట దారికి అడ్డమని స్టోరులో వేయించింది.

"మరి చూసుడెట్ల మేడం?"

"డాక్టర్లకు నువ్వు నేర్పుతవా ఎల్లేశం?"

కట్లు కట్టే తన గదిలోకి పోయాడు. తర్వాత హనుమమ్మ రెండుసార్లు వచ్చింది. రెండు చీటీల మీదా 'అవును' అని ఉంది. నమ్మాడు. తన గది తలుపు తీసుకుని వచ్చి ఆమె పాదాలు చూడాలంటే పది అడుగులే.

మూడోసారి ఆమెకంటే ముందు వాసన వచ్చింది. చిటికెన వేలి కింద, సలాకలు కట్టే ఇనుప తీగ ముక్క దిగి ఉంది. పాదం సగం నల్లబడింది.

"నొస్తలేదన్నా. నొస్తే చెప్పకపోదునా?"

పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ మోకాలి కిందికి కాలు తీసేశారు.

నెల తర్వాత కట్టు మార్పించుకోవడానికి కర్రలతో వచ్చింది. ఎల్లేశం కింద కూర్చున్నాడు కానీ చెయ్యి ముందుకు రాలేదు.

"పట్టుకో అన్నా, ఏం గాదు. ఇప్పుడు పాపం సగమే" అంది.

కట్టు విప్పి, తుడిచి, కొత్తది కట్టాడు. ఎంత నెమ్మదిగా కట్టాడో ఆమెకు తెలిసింది. బయటికి పోతూ మందుల చీటీ అతని చేతికిచ్చి, ఏం రాశారో చదవమంది.

రెండు పాదాలూ చూశారా? అవును.

అది వదిలేసి, మందుల పేర్లు మాత్రం చదివాడు.