గిజిగాడి సగం గూడు

మా ఇంటి వెనక కాలువ మీదికి వంగిన తుమ్మచెట్టుకు వానాకాలం రాగానే గిజిగాళ్ళు దిగేవి. కోస్తా నుంచి వచ్చిన రైతులు బోధన్ చుట్టూ చెరుకు వేస్తున్న కాలం, వాటికి నారకు కరువు లేదు. చెరుకాకు అంచును ముక్కుతో కొరికి, ఎగిరిపోతూ సన్నగా చీల్చుకుపోయేవి. తల, రొమ్ము పసుపు రాసినట్టున్న పిట్ట గూడు అల్లేది. పిచ్చుకలాంటి మట్టిరంగు పిట్ట వచ్చి, గూటిని లాగి చూసి, లోపలికి తొంగిచూసి తుర్రుమనేది.

అల్లేది ఆడదనీ, చూసిపోయేది మొగుడనీ మా ఇంటిల్లిపాదీ నమ్మకం. మనుషుల్లో ఇల్లు దిద్దేది ఆడది అయినప్పుడు పిట్టల్లో వేరేగా ఎందుకుంటుంది? అమ్మను మేం అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అనేవాళ్ళం. కాలువలో బట్టలు ఉతుకుతూ ఆమె ఆ మట్టిపిట్టను తిట్టని రోజు లేదు.

"గడ్డిపోస ముట్టడు గని వంకలు మాత్రం పెడతడు. మొగోళ్ళ బుద్ధే గంత."

బాపు వినీ విననట్టు బీడీ ముట్టించుకునేవాడు.

ఆ ఏడే అక్కకు నందిపేట నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళూ మా చర్చివాళ్ళే, పసుపు పండించేవాళ్ళు. బాపుకు నచ్చింది. అక్కను ఎవరూ అడగలేదు. చూడని ఇంటికి ఎట్లా ఊ అనాలని నా దగ్గర గొణిగి, దిగులుగా కాలువగట్టున కూర్చునేది. నేనూ పక్కన చేరేదాన్ని. ఊరికే కూర్చుంటే పిట్టల్ని చూడక ఏం చేస్తాం?

చూసినకొద్దీ మా నమ్మకం పొసగలేదు. పసుపు పిట్ట గూడు సగమే అల్లి ఆపుతోంది. మట్టిపిట్ట రాగానే రెక్కలాడిస్తూ బతిమాలుతోంది. నచ్చక అది పోయిందా, ఆ గూడు సగంలోనే ఉండిపోతోంది. నచ్చితేనే కిందికి పొడుగ్గా గొట్టంలాంటి దారి అల్లి పూర్తి చేస్తోంది. కొన్నాళ్ళకు ఒక గూట్లో పిల్లల కిచకిచలు వినబడ్డాయి. పురుగు పట్టుకొని లోపలికి దూరింది మట్టిపిట్టే. పసుపుది పక్క కొమ్మకు ఇంకో గూడు మొదలుపెట్టి, ఇంకో మట్టిపిట్టకు రెక్కలాడిస్తోంది.

"ఓ పిల్లా, గిదే ఆడిది! అల్లెటోడు మొగోడు!" అని అక్క చప్పట్లు కొట్టింది.

ఆ పూట అన్నాల దగ్గర బాపును అడిగేసింది.

"పిట్టనే గూడు సూసుకొని ఒప్పుకుంటది. నేను సూడొద్దా బాపూ?"

అవ్వ గయ్యిమంటుందనుకున్నాను. ఇన్నాళ్ళూ తిట్టింది ఆడపిట్టనని తెలిసి మెత్తబడిందో ఏమో, "తోల్కపో" అంది బాపుతో.

బాపు, అక్క, నేను బస్సెక్కి నందిపేట పోయాం. పిల్లే ఇల్లు చూడవచ్చిందని పెళ్ళికొడుకు తల్లి మొహం మాడ్చుకుంది. అక్క తొణకలేదు. వంటింట్లోకి పోయి, పొగకు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "పొయ్యికాడ కిటికీ లేదు" అంది.

పెళ్ళికొడుకు ఆ గోడను ఒకసారి చూసి, "పెడ్త" అన్నాడు. ఆ ఒక్క మాటకే అతను నాకు నచ్చాడు. తిరుగు బస్సులో అక్క దారంతా నవ్వుతూనే ఉంది.

పెళ్ళయ్యాక తొలిసారి పోతే పొయ్యి పక్కన కిటికీ ఉంది, చుట్టూ సున్నం ఇంకా తడిగానే ఉంది. అక్క లేని కాలువగట్టు నాకు ఏడుపు తెప్పించేది. అందుకే ఆ కిటికీని చూస్తే సంతోషంతో పాటు, అక్కను లాక్కుందని కోపమూ వచ్చింది. బావకు మా పిట్టల కథ చెప్పాను. ఆయన మురిసిపోయి, "అయితే నేను గిజిగాణ్ణన్నట్టు" అన్నాడు.

"గూడు కాంగనే గా గిజిగాడు ఇంకోదానికి రెక్కలాడిస్తడు. గా ముచ్చట జెప్పలేదా మా చెల్లె?" అంటూ అక్క పొయ్యి ఊదే గొట్టం చేతిలోకి తీసుకుంది.