తోడికోడళ్ళ కార్లు

ఆ ఇంటి పెద్దకోడలికి అరవై రెండేళ్ళు. బడి పిల్లల యూనిఫారాలు కుట్టి ఇద్దరు ఆడపిల్లల్ని చదివించిన మనిషి. ఈ వయసులోనూ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. అంతటి మనిషికీ ఒక్కటే జబ్బు. తోడికోడలు ఏం కట్టిందో, ఏం కొన్నదో తెలియనిదే ముద్ద దిగదు.

ఇరవై రెండేళ్ళ కిందట అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు ఒకే రకం కార్లు కొన్నారు. అన్నది నీలం, తమ్ముడిది ఎరుపు. నీలం కారు బట్టల మూటలు మోసి మోసి నడుము విరగ్గొట్టుకుంది. చిన్నకోడలి మొగుడి ఆఫీసు ఇంటి పక్కనే కాబట్టి ఎర్ర కారు రేకుల కింద ముసుగేసుకుని పడుకుంది. గోడ అవతలి వాళ్ళ ఇంట్లో దాన్ని స్టార్టు చేస్తుంటే పెద్దకోడలు మిషను తొక్కడం ఆపి చెవి అటు పడేసేది. ఒక్క తిప్పుకే పలికిందా, ఆ పూట ఈ ఇంట్లో గిన్నెలు గట్టిగా మోగేవి.

"ఇక ఈ నీలం కారుని వదిలేద్దామే. నిన్నటి వానకి కాళ్ళ కింద నీళ్ళు నిలిచాయి," అన్నాడు మొగుడు.

"వాళ్ళది తీసేసిన మర్నాడు మనది తీసేద్దాం. ముందు మనదే పోతే దాని ముందు తలెత్తుకోగలనా?"

"పంతానికి బండి నడవదే."

"పంతంతోనే కదండీ మీతో ముప్పై తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాను!"

ఆఖరికి ఇద్దరూ కారుని షెడ్డుకి తీసుకెళ్ళారు. మెకానిక్ కిందకి దూరి, స్క్రూడ్రైవరుతో ఒక్క పోటు పొడిచాడు. లోపల కూర్చున్న పెద్దకోడలి చెప్పు పక్కన దాని మొన తేలింది.

"అమ్మగారూ, దీనికి అడుగన్నదే లేదు. అంతా తుప్పు. ఇంజను బాగుండి ఏం లాభం? దీన్ని ఇక రోడ్డెక్కించకండి."

ఆవిడ చప్పున కాళ్ళు పైకి లాక్కుంది.

"తలుపులు మాత్రం బంగారం," అన్నాడతను మళ్ళీ. "పొద్దున చిన్నమ్మగారి బండిని లారీ గీరేసింది. డ్రైవరు పక్క సీటు తలుపు నుజ్జయింది. ఈ రకం తలుపులు కొత్తవి రావడం ఏనాడో మానేశాయి. మీది ఇవ్వకపోతే ఆ బండి పనీ అయిపోయినట్టే."

పెద్దకోడలి మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. కాదంటే చాలు, రెండు కార్లూ ఒకే రోజు పోతాయి! ఇంతలో చిన్నకోడలే షెడ్డులోకి వచ్చింది.

"అక్కా, నీ తలుపు ఇస్తావా?"

ముప్పై ఏళ్ళలో అది ఈవిడని చిటికెడు ఉప్పు కూడా అడగలేదు. అసలు మంట అదే.

"నీకేం తక్కువ? కొత్త కారు కొనుక్కోరాదూ?"

"ఎలా కొంటాను? నీది తిరుగుతున్నన్నాళ్ళూ నాది తియ్యనని ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. నువ్వు మూటలేసుకుని ఊరంతా చక్కర్లు కొడుతుంటే, నాది మూలన పడి ఉండేది. చూడలేక చచ్చాననుకో!"

తనని చూసి కుళ్ళుకునే మనిషి ఒకరున్నారని పెద్దకోడలికి ఇన్నేళ్ళకి తెలిసింది. కడుపు చల్లబడింది. అయినా ఊరికే ఇస్తే ఆవిడ పెద్దకోడలెలా అవుతుంది?

"ఇస్తాను. రంగు మాత్రం వెయ్యకూడదు. నీలంగానే ఉండాలి."

"ఎర్ర కారుకి నీలం తలుపా! జనం నవ్వరూ?"

"నవ్వనీ. ఎవరిదని అడుగుతారుగా, నా పేరు చెప్పు."

చిన్నకోడలు పళ్ళు కొరుక్కుంటూనే తలూపింది.

వారం తిరక్కుండా ఎర్ర కారు వీళ్ళ గుమ్మం ముందు ఆగింది. నలుగురూ కలిసి పెళ్ళికి వెళ్ళాలి. ఆ ఎరుపులో తన నీలం కడిగిన ఆకాశంలా మెరుస్తోంది. తన ఇంట ఉన్నన్నాళ్ళూ అది అంత అందంగా ఎప్పుడు కనిపించింది గనక? పెద్దకోడలి ఒళ్ళు భగ్గుమంది. గబగబా వెళ్ళి పిడి పట్టుకుంది.

"తలుపు నాది. నేను ముందు కూర్చుంటాను."

"కారు నాదక్కా!"

తమ్ముడు మూడుసార్లు హారన్ కొట్టాడు. ఇద్దరిలో ఒక్కరూ పిడి వదల్లేదు. చివరికి పెద్దాయన వాళ్ళ చేతుల మధ్యనుంచి దూరి ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. తోడికోడళ్ళిద్దరూ వెనక సీట్లో చెరో కిటికీకి అతుక్కుని, పెళ్ళివారిల్లు వచ్చేదాకా ఆయన్నే తిట్టారు.