ఓమ పూసిన ఏడాది

కంపౌండర్ సాబ్ పోయారని కార్డు వచ్చింది. అప్పటికే ఆయన పోయి తొమ్మిది రోజులు. సుల్తానాబాద్ నుంచి మందమర్రికి ఒక కార్డు చేరడానికి అన్ని రోజులు ఎందుకు పట్టిందో తెలియదు. ఆయన కొడుకు నాలుగే వాక్యాలు రాశాడు. జ్వరం వచ్చింది, రెండు రోజులు మాట లేదు, మూడో రోజు పొద్దున ప్రాణం పోయింది, మీకు తెలియజేయమని అమ్మ చెప్పింది. ఆ కార్డు సంచిలో పెట్టుకొనే గని కార్మికుల కాలనీలో ఒక బాలింత ఇంటికి వెళ్లాను. పసిబిడ్డకు నీళ్లు పోసి, తల్లికి చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ చెప్పి వచ్చాను. ఇంటికొచ్చి కూర్చున్నాక గాని ఏడుపు రాలేదు.

ఆయనకు నేను చెప్పవలసిన మాట ఒకటి ఉండిపోయింది. ఇక అది ఎవరికి చెప్పినా ఒకటే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

హైదరాబాదు రాజ్యం ఇంకా ఉన్న రోజులవి. ఉట్నూరు అవతల అడవిలో ఒక చిన్న దవాఖానాకు నన్ను మంత్రసానిగా వేశారు. నాకు ఇరవై రెండేళ్లు. డాక్టరు నెలకొకసారి జీపులో వచ్చేవారు, అదీ వాగులు దారిస్తే. మిగతా రోజులన్నీ కంపౌండర్ సాబే. నల్లటోపీ, మోకాళ్ల దాకా కోటు, ముక్కు చివర కళ్లద్దాలు. మందు చుక్కలు ఉర్దూలో లెక్కపెట్టి, రోగితో తెలుగులో మాట్లాడి, కొలాం, గోండు ముసలివాళ్లతో వాళ్లకు వచ్చిన మరాఠీలో మాట్లాడేవారు. నన్ను మొదటి రోజు నుంచీ ‘బిడ్డా’ అనే పిలిచారు. పొట్లం కట్టడం ఆయనే నేర్పారు. “మొఖం జూడు ముందుగాల. చీటీ ఎనుక జూడొచ్చు” అనేవారు.

దవాఖానా వెనక ఒక బావి, బావికి గోడకు నడుమ ఒకే ఒక మడి. వానాకాలం పోయాక ఆ బావి నీళ్లు మా వాడకానికీ ఆ మడికీ సరిపోయేవి, అంతకు మించి చుక్క ఉండేది కాదు. ఆ మడిలో ఆయన ఏటా వాము వేసేవారు. మా వైపు ఓమ అంటాం. చలికాలంలో అది తెల్లగా పూసేది. సాబ్ పొద్దున్నే ఒక పువ్వు తెంపి అరచేతిలో నలిపి వాసన చూసి, ఆ చేతిని నా ముఖం ముందు పెట్టేవారు. “గిది కడుపునొప్పికి, అజీర్తికి, దగ్గుకు. గీ సీసాలన్నీ ఒడిసినా గిది ఒడువది” అనేవారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించే సంతోషం మరెప్పుడూ కనిపించేది కాదు.

నేను అక్కడికి వెళ్లిన రెండో ఏడు వానలు ముఖం చాటేశాయి. జొన్న మోకాలెత్తు కూడా పెరగలేదు. దసరా ముందు మడి తవ్వుతుంటే నేను ఆయన దగ్గరికి వెళ్లి, ఈసారి మొరంగడ్డ పెడదామని అడిగాను. చిలగడదుంపను మేము అలా అంటాం. దవాఖానా వరండాలో పడుకునే రోగులకు ఉడకేసి పెట్టవచ్చని నా ఆశ.

ఆయన కొట్టిపారేయలేదు. మడిలో కూర్చొని మట్టి ముద్ద చేతిలోకి తీసుకొని పిసికి చూపించారు. “గిది నల్లరేగడి బిడ్డా. గట్టిగ పట్టుకుంటది. గడ్డ ఊరాల్నంటే నేల గుల్లగ ఉండాలె. ఇసుక నేలైతె నేనే తీగ తెచ్చి పెడుదు. ఓమకైతె గీ నేలను మించింది లేదు.”

“తిండి లేనోళ్లకు ఓమ ఏం జేస్తది సాబ్?”

“మనల్ని గీడ మందిచ్చెతందుకు ఉంచిండ్రు. వాగు పొంగితె మందులు రావు. గప్పుడు గీ మడే నా మందుల పెట్టె.”

“గీ యేడు వాగే పొంగలే గద.”

“వచ్చే యేడు పొంగుతది” అన్నారు.

నేల గురించి ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. మడిలో వాము గింజలు పడ్డాయి.

చలి మొదలయ్యేసరికి కడుపునొప్పి అంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఆకలి అని ఎవరూ అనలేదు. ఆ అడవి మనుషులు దవాఖానాకు వచ్చి అన్నం అడగరు. రెండు కోసుల దూరంలోని గూడెం నుంచి ఒక గోండు తల్లి ఏడెనిమిదేళ్ల కూతురిని తీసుకొని వచ్చింది. పిల్ల పొట్ట పట్టుకొని వంగి నడుస్తోంది. సాబ్ పాత వాము దంచి, ఉప్పు కలిపి, వేడినీళ్లలో ఇచ్చి, మూడు రోజులకు పొట్లాలు కట్టమన్నారు. కట్టింది నేనే. నాలుగో రోజు మళ్లీ వచ్చారు. మళ్లీ కట్టాను.

మూడోసారి వచ్చినప్పుడు తల్లి పిల్లను వరండాలో కూర్చోబెట్టి, కొంగు విప్పి, విప్పని పొట్లాలు బల్ల మీద పెట్టింది.

“సాబ్, గీ మందొద్దు. గిది తాగితె పోరికి ఆకలి ఎక్కువైతుంది” అంది.

ఆమె గొంతులో కోపం లేదు. తీసుకున్న వస్తువు పనికిరాకపోతే తిరిగి ఇచ్చినట్టు ఇచ్చింది. సాబ్ కళ్లద్దాలు తీశారు. “నిన్న ఏం తిన్నరు?” అని అడిగారు. ఆమె నేల చూసింది. “పోయిన వారం అడవిల గడ్డలు దొరికినై. గిప్పుడు గవి గూడ లెవ్వు.”

ఆయన గదిలోకి పరుగెత్తి తన జొన్నపిండి మొత్తం తెచ్చి నా ముందు పెట్టారు. నేను గంజి కాచాను. పిల్ల రెండు గుటకలు మింగి కక్కేసింది. మళ్లీ చెంచాతో పట్టాము, మళ్లీ కక్కింది. రెండు రోజులు వరండాలోనే ఉంచుకున్నాం. సాబ్ దాని పక్కనే కూర్చొని, చుక్క చుక్కగా గంజి తేట పోస్తూ, ఆ చుక్కలను కూడా అలవాటు కొద్దీ లెక్కపెడుతూ ఉన్నారు. రెండో రోజు మధ్యాహ్నం లెక్క ఆగిపోయింది.

తల్లి పిల్లను భుజాన వేసుకొని వెళ్లిపోయింది. నేను వరండా కడుగుతున్నాను. సాబ్ స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నారు. అప్పుడు నా నోట ఆ మాట వచ్చింది.

“గడ్డ పెడుదామని నేను ముందుగాల్నే చెప్పిన.”

ఆయన నా వైపు తిరగలేదు. “అవు బిడ్డా. చెప్పినవ్” అన్నారు.

అంతే. మడిలోకి వెళ్లారు. నిండుగా పూసిన వామును వేళ్లతో సహా పీకడం మొదలుపెట్టారు. సాయంత్రం దాకా ఒక్కరే పీకారు. దవాఖానా అంతా ఆ వాసనే. గదుల్లో, పరుపుల్లో, నా జుట్టులో కూడా అదే వాసన. చాలా రోజులు పోలేదు.

ఆ తర్వాత ఆయన పై అధికారులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. జొన్నల బస్తాలు వచ్చాయి. అవి వచ్చే లోపల ఆ గూడెంలో ఇంకో మూడిళ్లలో చావు జరిగింది. మడిలో సాబ్ మొరంగడ్డ తీగ పెట్టారు. తాను స్నానం మానుకొని ఆ నీళ్లు కూడా దానికే పోశారు. ఎండాకాలంలో తవ్వితే గడ్డలు వేళ్లంత సన్నగా, వంకరగా వచ్చాయి. ఆయన చెప్పినట్టే ఆ నేలలో గడ్డ ఊరలేదు. కబురు పంపితే ఆ తల్లి వచ్చింది. ఉన్నవాటిలో కొంచెం లావుగా ఉన్నవి ఏరి ఆమె కొంగులో పోశారు. ఆమె ఒకటి తీసి, మట్టి తుడిచి, నిలబడే తిన్నది.

“తియ్యగున్నై సాబ్” అంది.

ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఆమె వెళ్లిపోయినా తిరగలేదు.

అప్పటి నుంచి ఏ రోగి వచ్చినా సాబ్ మొదటి మాట ఒకటే. “నిన్న ఏం తిన్నవ్? మొన్న ఏం తిన్నవ్?” తనిఖీకి వచ్చిన డాక్టరు ఒకాయన, ఇది దవాఖానానా హోటలా అని నవ్వారు. సాబ్ నవ్వలేదు. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ మళ్లీ వాము వేయలేదు. నాతో ఎప్పటిలాగే ప్రేమగా ఉన్నారు. కాని పువ్వు నలిపి నా ముఖం ముందు పెట్టిన ఆ మనిషి మళ్లీ కనబడలేదు.

మందమర్రికి బదిలీ అయి వచ్చాక నా క్వార్టరు ముందు జానెడు జాగాలో నేను మొరంగడ్డ పెట్టాను. దసరాకు పెట్టాను. శివరాత్రికి గాని ఊరలేదు. గడ్డలు తవ్వుతూ తవ్వుతూ చేతులు ఆగిపోయాయి. ఆ పిల్ల పోయింది సంక్రాంతికి ముందు. ఆ ఏడు సాబ్ నా మాట విని దసరాకు తీగ పెట్టి ఉన్నా, పిల్ల పోయిన రోజుకు ఆ మడిలో వేళ్లు తప్ప గడ్డ ఉండేది కాదు. నా మాట పిల్లను బతికించేది కాదు. ఆయన మడి పిల్లను చంపలేదు. ఇంత చిన్న లెక్క నాకు అన్నేళ్లకు తట్టింది.

వెళ్లి చెప్పాలనుకున్నాను. ఆయన కొలువు నుంచి దిగి సుల్తానాబాద్‌లో ఉన్నప్పుడు మూడుసార్లు వెళ్లాను. ప్రతిసారీ చాయ్ తాగి, పిల్లల చదువుల సంగతి మాట్లాడి లేచి వచ్చాను. ఆ పిల్ల పేరెత్తితే ఆయన ముఖం ఏమవుతుందో అని భయం. ఆ రోజు ఆ మాట అనడం నా తప్పని ఒప్పుకోవాలనే భయం కూడా.

కార్డు వచ్చిన మర్నాడు సుల్తానాబాద్ వెళ్లాను. ఆయన భార్యను నేను పెద్దమ్మ అంటాను. ఆమె ఏడవడం లేదు. పెరట్లోకి తీసుకెళ్లి బావి గట్టు మీద కూర్చోబెట్టింది. ఆ పిల్ల సంగతి, ఆ లెక్క ఆమెకు చెప్పాను, దసరా నుంచి శివరాత్రి దాకా నెలలు వేళ్ల మీద పెట్టి మరీ చెప్పాను. ఆమె చివరి దాకా విన్నది.

“గీ మాట ఆయినకు చెప్పకపోతివి” అంది.

“చెప్పలే పెద్దమ్మా.”

“గీ పెరట్ల ఏం పెట్టనియ్యకపోతుండె. రెండు బంతి నార్లు తెచ్చి పెడితె గవి గూడ పీకేసిండు. ఎందుకో నాకు ఎన్నడు చెప్పలే.”

చుట్టూ ఎటు చూసినా చెరువు కింది వరి పచ్చగా ఉంది. ఆ పెరడు మాత్రం గోడ నుంచి గోడ దాకా నున్నగా ఊడ్చి, గడ్డిపరక లేకుండా ఉంది. బావిలో నీళ్లు చేతికి అందేంత పైకి ఉన్నాయి. పెద్దమ్మ ఒక బకెట్టు తోడి, ప్రయాణం చేసి వచ్చానని నా కాళ్ల మీద పోసింది. ఆ నీళ్లు గట్టిపడ్డ నేలలో ఇంకలేదు. మెల్లగా పారి, గోడ మొదట్లోకి చేరి, అక్కడే నిలిచిపోయాయి.